సూదీ దారం: గళ్ల కాగితం వదలని చేతికి అతుకుల బొంత

ప్రశ్న: అమ్మా, నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. బొంతలు కుట్టడం ఆ తరవాత పట్టుకున్న వ్యాపకం. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకుంటాను. ఒక్కో గడికి రంగు పెన్సిలు వేస్తాను. ఏ గుడ్డ ఎన్ని అంగుళాలు కావాలో పట్టిక రాసుకుంటాను. ఆ తరవాతే కత్తెర. కుట్టాక మూలకు మూల కలవకపోతే విప్పి మళ్లీ కుడతాను. మా వీధిలో కొందరం మధ్యాహ్నాలు కలిసి కుట్టుకుంటాం. ఈసారి వాళ్లు ఒక పందెం పెట్టారు. నమూనా లేకుండా, స్కేలు పెట్టకుండా, చేతికొచ్చిన ముక్కను తోచినట్టు అతికి ఒక్కొక్కరు ఒక బ్లాకు, అంటే బొంతలో ఒక గడిగా కలిపే చదరం, తేవాలట. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు పంపిన ఫోటోలు చూసి పుట్టిన ఆలోచన ఇది. ముక్కలన్నీ మంచం మీద పోసుకుని కూర్చుంటున్నాను గానీ కత్తెర కదలడం లేదు. ఉన్నమాట చెప్పాలంటే నాకు ఇందులో నేర్పే కనిపించడం లేదు. వంకరగా కోసి, వంకరగా కుట్టి, దానికొక పేరు పెట్టినట్టుంది. నాది భయమా, న్యాయమైన అనుమానమా? — ఎస్.వి., కాకినాడ

జవాబు: ఎస్.వి. గారూ, అనుమానం న్యాయమైనదే. ‘తోచినట్టు కుట్టడం’ అనే పేరుతో చెలామణీ అయ్యేవాటిలో చాలావాటిని రెండోసారి చూసే ఓపిక నాకూ ఉండదు. ముక్కల సంచి బోర్లించి, ఉన్న రంగులన్నీ పక్కపక్కన కుట్టేసి, మనసుకు తోచినట్టు చేశామంటారు. తోచింది ఏమిటో మాత్రం బొంతలో ఎక్కడా కనిపించదు. అక్కడ లోపించింది స్కేలు అని మీరనుకుంటున్నారు. నా లెక్కలో లోపించింది కట్టుబాటు. ఏ గుడ్డ వాడాలో, ఏది దూరంగా పెట్టాలో, ఎక్కడ ఆపాలో ముందుగా తేల్చుకోని పని అది. ఆ తేల్చుకునే పనిలో మీకంటే సమర్థులు మీ వీధిలో ఉండరని మీ ఉత్తరమే చెబుతోంది.

మీ చెల్లెలి కూతురు పంపిన ఫోటోలు నేను చూడలేదు. కానీ అమెరికాలో ఈ తరహాలో కుట్టేవాళ్లలో ఎవరిని కదిలించినా మాట ఎప్పటికైనా జీస్ బెండ్ దగ్గరికి చేరుతుంది. అలబామా రాష్ట్రంలో, అలబామా నది మూడు వైపులా చుట్టుకున్న పల్లె అది. ఒకప్పుడు పత్తి తోట. ఇప్పటి కుటుంబాలు ఆ తోటలో బానిసలుగా బతికిన నల్లజాతి వారి సంతతి. ఊళ్లో చాలామందికి పెట్‌వే అనే ఇంటిపేరు కూడా తోట యజమాని నుంచి వచ్చిందే. చలిగాలి దూరే చెక్క ఇళ్లలో పిల్లలకు కప్పడానికి అక్కడి ఆడవాళ్లు కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోనూ, ఆ వెంటనే న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది స్టాంపులు వేసింది.

ఆ బొంతల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి పనిబట్టలతో కుట్టినవి. మిజూరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, ఆయన పొలానికి వేసుకెళ్లిన బట్టలు విప్పదీసి ఒక బొంత కుట్టింది. ఇలాంటి బొంతలో ప్యాంటు కాలు ఎంత పొడవుంటే పట్టీ అంత పొడవు. మోకాళ్ల దగ్గర గుడ్డ అరిగి తెల్లబడి ఉంటుంది. జేబు ఊడదీసిన చోట ఎండ తగలని అసలు రంగు ముదురుగా నిలిచి ఉంటుంది. ఆ ముదురు చదరం ఎక్కడికి రావాలో ఎవరూ కాగితం మీద గీయలేదు. అయినా అది ఎక్కడ పడితే అక్కడ పడిందనుకోకండి. పట్టీని ఇటు తిప్పాలా అటు తిప్పాలా అని చేతిలో పట్టుకుని చూసి కుట్టిన మనిషి ఒకరున్నారు.

మీబోటి వారికి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పెద్ద దుకాణాలకు పంపే సరుకు ఒకదానికొకటి తేడా లేకుండా ఉండాలి. అంగుళం అటూ ఇటూ అయితే వెనక్కి వస్తుంది. 1972లో సియర్స్ కంపెనీ వాళ్లకు కార్డురాయ్ దిండు గలీబుల పని ఇచ్చింది. ఆ పనిలో మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాయి. కార్డురాయ్ మందపాటి చారల గుడ్డ. సన్న ముక్కలుగా కోసి కుడితే కుట్టు దగ్గర గడ్డకడుతుంది. అందుకే ఆ ముక్కలతో ఇళ్లలో కుట్టుకున్న బొంతల్లో పెద్ద పెద్ద పట్టీలు, విశాలమైన చదరాలు ఉంటాయి. కొలతకు కొలత కుట్టగలిగిన ఊళ్లోనే ఈ బొంతలూ పుట్టాయి. స్కేలు పట్టడం చేతకాక వదిలేశారని ఎవరైనా అంటే నమ్మకండి.

అంత దూరం వద్దనుకుంటే ఉత్తర కన్నడ జిల్లా దాకా రండి. యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో సిద్దీలు ఉన్నారు. శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన వారి సంతతి. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంత పేరు కవంది. పాత చీర అడుగున పరుస్తారు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి, ముక్క అంచు లోపలికి మడిచి, చేతి కుట్టుతో చీరకు కలిపి కుడుతూ అంచు వెంట చుట్టూ తిరిగి మధ్యకు చేరతారు. ముక్క అతికే కుట్టూ, పొరలు కలిపే కుట్టూ ఒకటే. చివరికి మూలల్లో మడత మీద మడత వేసిన చిన్న ముక్కలు కుడతారు. వాటిని ఫూల అంటారు, అంటే పువ్వు. అవి లేని కవంది వాళ్ల కంటికి బట్ట కట్టనట్టే. చూడండి, కొలత ముందే తేలిపోయింది, అడుగున పరిచిన చీర ఎంతో అంత. ముగింపూ ముందే తేలిపోయింది, మూలల్లో ఫూల ఉండాలి. తేలనిది ఈ రెంటికీ నడుమ ఉన్న జాగా ఒక్కటే.

మీది చుక్కల ముగ్గు చెయ్యి. చుక్కలు లేకుండా గీత లాగమంటే సున్నపు పిండి పిడికిట్లోనే ఉండిపోతుంది. అందుకే చుక్కలు మొత్తం చెరిపేయమని నేను అనను. ఎన్ని చుక్కలు ఉంచాలో మాట్లాడుకుందాం.

గళ్ల కాగితం తీయండి. ఈసారి దాని మీద బొమ్మ గీయవద్దు, షరతులు రాయండి. మూడు గుడ్డలే వాడాలి. ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత, మూడోది మధ్యలో కాస్త అల్లరి చేసేది. అల్లరి గుడ్డ పట్టీ కుట్టాక అంగుళానికి మించి వెడల్పు కనిపించకూడదు. పట్టీలన్నీ స్కేలు లేకుండా కత్తెరతో కోయాలి. పూర్తయిన బ్లాకు నాలుగు వైపులా 12½ అంగుళాలు ఉండాలి, అంటే కుట్టులో పోయేది పోగా పన్నెండు. అంతే. నమూనా అనేది ఇందులో ఎక్కడా లేదు, అయినా మీరు పట్టుకోవడానికి కాగితం మీద గీతలున్నాయి. అమెరికాలో కొందరు కాగితపు సంచిలోంచి చూడకుండా ముక్క తీసి, వచ్చినదాన్ని వచ్చినట్టు కుట్టమని నేర్పుతారు. బెరుకు పోవడానికి కొందరికి పనిచేస్తుంది. మీకు మాత్రం వద్దంటాను. రంగు ఎంచుకునే హక్కు కూడా తీసేస్తే మీరు ఆ మంచం మీంచి లేచి పోతారు.

వంకరగా కోసి వంకరగా కుట్టడం అన్నారు. మొదటి సగం ఒప్పుకుంటాను. రెండోది కాదు. కోత ఎంత వాలుగా ఉన్నా కుట్టు మాత్రం అంచుకు పావు అంగుళం లోపల, ఆ అంచుకు సమాంతరంగా, ఒకే తీరున నడవాలి. మిషను పాదం అంచు గుడ్డ అంచుకు ఆనించుకోండి. మీది సన్న పాదం ఉన్న పాత నల్ల మిషను అయితే పాదం నమ్మకుండా, సూది నుంచి పావు అంగుళం కొలిచి పలక మీద ఒక టేపు ముక్క అంటించుకోండి. ఆ పావు అంగుళం తగ్గితే ఉతికాక పోగులు ఊడి ముక్క చేతికొస్తుంది. పందెంలో స్కేలు వద్దన్నది ముక్కలకే గానీ టేపు ముక్కకు కాదని మీ వాళ్లకు నా మాటగా చెప్పండి.

ఈ జవాబు రాస్తూ నా బల్ల మీద అదే షరతులతో ఒక బ్లాకు కుట్టాను. ముదురుకి పాత నీలం దుప్పటి. లేతకి మంగళగిరి నూలు చున్నీలో చిరగని భాగం. అల్లరికి ఆవపిండి రంగు జాకెట్ గుడ్డ. నీలంలోంచి నాలుగు పట్టీలు, తెలుపులోంచి నాలుగు కోశాను. ఒక కొస రెండు వేళ్ల వెడల్పు, రెండో కొస మూడు వేళ్లు. ఒక తెలుపు, ఒక నీలం చొప్పున కుట్టుకుంటూ పోతే, వెడల్పు కొసలన్నీ ఒకే వైపు పడి ముక్క విసనకర్రలా విచ్చుకోవడం మొదలైంది. తరవాతి పట్టీని తలకిందులుగా తిప్పాను. వంపు సర్దుకుంది. ముందే బొమ్మ గీసుకుని ఉంటే ఈ తిప్పడం అనే నిర్ణయం నా చేతికి వచ్చేదే కాదు, కాగితం తీసేసుకునేది. మొత్తం పనిలో నాకు హుషారు పుట్టేది ఇక్కడే.

ఎనిమిది పట్టీలూ అయ్యాక ఆ ముక్కను కాస్త ఏటవాలుగా, పై నుంచి కింద దాకా పట్టీలకు అడ్డంగా కోసేశాను. రెండు సగాల మధ్య పసుపు పట్టీ పెట్టి మళ్లీ కుట్టాను. ఇలా చేసినప్పుడు ఒకటి జరుగుతుంది. నీలం చార పసుపును దాటి అవతలి ఒడ్డున లేచేసరికి సరిగ్గా ఎదురుగా ఉండదు, కొంచెం పైకో కిందికో జరిగి ఉంటుంది. కోత ఏటవాలు కావడమూ, మధ్యలో కొత్త పట్టీ చేరడమూ, కుట్టుకు అర అంగుళం పోవడమూ కలిసి చేసే పని అది. మీ చెయ్యి విప్పుడు సూది కోసం లేచేది సరిగ్గా అప్పుడే. విప్పకండి. గోడకు పెట్టి నాలుగు అడుగులు వెనక్కి వేసి చూడండి. చారలు అన్నీ ఎదురెదురుగా కలిస్తే పసుపు పట్టీ పైన అంటించినట్టు కనిపిస్తుంది. జరిగితే అది చారల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లినట్టుంటుంది. చారలు కలవడమే నచ్చుతుందని చూశాక కూడా అనిపిస్తే, రెండో సగాన్ని కాస్త జరిపి కుట్టవచ్చు. అప్పుడు అది మీరు ఎంచుకున్నది అవుతుంది.

అప్పుడు స్కేలు తీశాను. ఒక వైపు 11¾, ఇంకో వైపు 13. ఈ తరహా పనిలో అందరూ చెప్పేది ఒకటే: పొట్టిగా ఉంటే అతకండి, పొడవుగా ఉంటే కోయండి. పొట్టి వైపు ఒక తెల్ల పట్టీ కలిపి, నాలుగు వైపులా 12½కి చెక్కేశాను. పట్టీలకు కొలత లేదు, బ్లాకుకు ఉంది. మీ అలవాటులో కొలత మొదట వస్తుంది, ఇందులో చివర వస్తుంది. మీరు ఎలాగూ లెక్క వేస్తారు కాబట్టి నేనే వేసి ఇస్తాను. సుమారు రెండంగుళాల పట్టీలు ఎనిమిది పక్కపక్కన పెడితే పదహారు అంగుళాలు. వాటి మధ్య కుట్లు ఏడు, ఒక్కో కుట్టు రెండు వైపులా కలిపి అర అంగుళం మింగుతుంది. పోయింది మూడున్నర, మిగిలింది 12½. ఎన్ని కుట్లు పడతాయో ముందు తెలియని పనిలో ముందుగా వెడల్పు తేల్చడం కుదరదు. కొలత చివరికి వెళ్లింది అందుకే, ఎవరి సరదా కోసమూ కాదు.

మీరు నేరు పోగు వెంట కోయడానికి అలవాటుపడ్డారు. ఇందులో చాలా అంచులు క్రాసుకు, అంటే పోగుకు ఏటవాలుగా, వస్తాయి. క్రాసు అంచు సాగుతుంది. ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద తోసుకుంటూ పోతే ఇంకా సాగుతుంది. పెట్టెను ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి నొక్కాలి. కోయడానికి ముందే గుడ్డలకు పల్చని గంజి పెట్టి ఆరేసి ఇస్త్రీ చేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. పని అయ్యాక మాత్రం బొంతను ఉతికి గంజి వదిలించండి. గంజి ఉన్న గుడ్డ మడిచి బీరువాలో పెడితే పురుగు పడుతుంది. ఇంత చేసినా బ్లాకు మధ్యలో ఉబ్బి పళ్లెం బోర్లించినట్టు లేస్తే భయపడకండి. ఉబ్బు మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోసి, అంచుల వైపు సన్నగా, ఉబ్బు దగ్గర కాస్త ఎక్కువగా గుడ్డ లోపలికి పట్టి కుట్టేయండి. జాకెట్టుకు పట్టే డాటు ఉబ్బు తెస్తుంది, ఇది ఉబ్బు తీస్తుంది. పైగా ఇక్కడ దాన్ని దాచాల్సిన పనిలేదు. కావాలంటే ఆ కోతలో ఒక పసుపు పోగంత పట్టీ దూర్చండి. అంచులు అలలుగా ఊగుతుంటే మాత్రం అది సాగిన క్రాసు, గంజి నీళ్లు చిలకరించి నొక్కితే చాలావరకు దారికొస్తుంది.

వంపు గీతలు కావాలనుకుంటే ఒక కిటుకు చెబుతాను. రెండు గుడ్డలూ సరసన, రెండూ మంచి వైపు పైకి ఉండేలా, రెండంగుళాలు ఒకదాని మీద ఒకటి పడేలా పరచండి. కదలకుండా గుండుసూదులు గుచ్చి, ఆ రెండంగుళాల్లోనే నిదానమైన వంపుగా రెండు పొరలూ కలిపి కోయండి. పైనా కిందా మిగిలిన తుంపులు తీసేస్తే రెండు అంచులూ ఒకే వంపులో ఉంటాయి. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి నడిమిలో ఒక గుండుసూది గుచ్చి మెల్లగా కుట్టండి. మరీ మెలికలు పెట్టకపోతే అంచుకు గాట్లు పెట్టాల్సిన అవసరం కూడా రాదు. దీనికి నమూనా కాగితం పెట్టి గీసేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.

రంగుల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. ఫోనులో బ్లాకు ఫోటో తీసి రంగు తీసేసి నలుపు తెలుపుగా చూడండి. అంతా ఒకే బూడిద రంగు అయిపోతే లేతా ముదురూ చాలలేదు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన మన కంటికి కొట్లాడుతున్నట్టుంటాయి. ఫోటోలో చూస్తే చాలాసార్లు రెండూ ఒకటే.

ఇక మీ పందెంలో అసలు చిక్కు ఇంకా రాలేదు. మీ వాళ్లందరూ బ్లాకులు తెస్తారు. ఒకరిది పన్నెండు ఉంటుంది, ఒకరిది తొమ్మిది, ఒకరిది నలుచదరం అనుకుని కుట్టిన పలక ఆకారం. వాటిని కలిపి బొంత చేయమంటే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు మీరు మీ గళ్ల కాగితం తీయండి. వచ్చిన బ్లాకులన్నీ కొలిచి, ఒక గడికి అంగుళం చొప్పున కాగితం మీద కత్తిరించి, బల్ల మీద పేర్చండి. తొమ్మిది అంగుళాల బ్లాకు పక్కన మూడంగుళాల పట్టీ పెడితే పన్నెండు అవుతుంది. రెండు చిన్నవి ఒక పెద్దదానితో సమానం అవుతాయి. ఒక్క విషయం చూసుకోండి. మూల లోపలికి విరిగిన చోట కుట్టాల్సిన పరిస్థితి రానివ్వకండి. ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పోయే కుట్లతోనే మొత్తం కలిసేలా ముందు చిన్న గుంపులుగా, తరవాత గుంపులను గుంపులుగా కలపాలి. ఇది డ్రాఫ్ట్స్‌మన్ పని. మీరు ఏళ్ల తరబడి చేసిన పని. బ్లాకుల్లో తోచినట్టు కుట్టి, కలిపేటప్పుడు కాగితం పట్టుకునే ఆ బొంతే నా కంటికి ఎక్కువ బాగుంటుంది, ఎవరేమన్నా.

అడుగు గుడ్డ నేరు పోగులో ఉండాలి, అంచు పట్టీ ఒకే వెడల్పు ఉండాలి. ఆ రెండు చోట్ల తోచినట్టు చేయకండి. బొంత వంకరగా వేలాడితే లోపల కుట్టిన వంకరలన్నీ పొరపాట్లలా కనిపిస్తాయి.

రెండు మూడు బ్లాకులు కుట్టాక కూడా రుచించకపోతే మానేయండి. గళ్ల కాగితం మీద గీసి కుట్టిన బొంత ఏ విధంగానూ తక్కువది కాదు. మూలకు మూల కలిసిన బొంత చూస్తే నేనూ చేతులతో తడిమి చూస్తాను. కుట్టి చూడకముందే నేర్పు లేదనడం మాత్రం నాకు నచ్చలేదు, అందుకే ఇంత రాశాను.

ప్రశ్న: మా ఊరి టైలరు గారు సంచెడు కత్తిరింపు ముక్కలు ఇచ్చారు. వాటితో తోచినట్టు అతుకులు కుట్టాలని ఉంది. ఏది నూలో, ఏది కాదో తెలియడం లేదు. అన్నీ కలిపి కుట్టేయవచ్చా? — కె., జగిత్యాల

జవాబు: కలపవద్దు. ఒక్కో రకం నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టరు కరిగి ముడుచుకుని గట్టి పూసగా మిగులుతుంది. ఇప్పుడు టూ బై టూ పేరుతో అమ్మే జాకెట్ గుడ్డలన్నీ పూర్తి నూలు కావు. పేరు చూసి మోసపోకండి, పోగు కాల్చి చూడండి. రెండూ కలిపి కుడితే చిక్కు ఇస్త్రీ దగ్గర వస్తుంది. నూలుకు సరిపడే వేడి పెడితే పక్కనున్న పాలియెస్టరు మెరుపెక్కి ముడతపడుతుంది. ఆ ముక్కలతో చేతిసంచులు కుట్టుకోండి. జాకెట్ కత్తిరింపుల్లో చంక ముక్కలు సహజంగా వంపు తిరిగి ఉంటాయి. వాటిని చదరంగా కోసి పారేయకండి. ఎస్.వి. గారికి చెప్పిన వంపు పనికి అవి సిద్ధంగా ఉన్న ముక్కలు. రెండు వేళ్ల కంటే సన్నని తుంపులను మాత్రం టైలరు గారికే తిరిగి ఇచ్చేయండి, లేదా దిండులో కూరండి. సగం కుట్టులోకే పోతే కనిపించేది ఏముంటుంది?

ప్రశ్న: అమ్మ కట్టుకున్న పెడన కలంకారీ నూలు చీరలు మూడు, కంచి పట్టు చీర ఒకటి నా దగ్గర ఉన్నాయి. పట్టుచీర మడతల్లో చిరిగింది. ఇవన్నీ కలిపి నమూనా లేకుండా ఒక బొంత కుట్టాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టను? — ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నీళ్లతో మొదలుపెట్టండి. కలంకారీ ఎరుపు, నలుపు వదిలే రంగులైతే ముందే తేలాలి. కొంగు వెనక ఒక మూల తడిపి, తెల్ల నూలు గుడ్డ పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కండి. గుడ్డకు రంగు అంటితే ఆ చీరను విడిగా, చల్లటి నీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. ఉప్పు వేస్తే, వెనిగరు వేస్తే రంగు నిలుస్తుందనే మాట నమ్ముకోకండి. ఎన్ని ఉతుకులకూ ఆగకపోతే ఆ చీరకు తెలుపు పక్కన చోటివ్వవద్దు, ముదురు వాటి మధ్య పెట్టండి.

పట్టు సంగతి వేరు. మడతల్లో చిరిగిందంటే పోగు పెళుసెక్కింది. పక్కన ఉన్న భాగం గట్టిగా కనిపించినా వేలితో లాగి చూడండి. నిలిచిన భాగానికి వెనక ఇస్త్రీతో అంటుకునే పల్చని పేస్టింగ్ గుడ్డ వేసుకున్నాకే కోయండి. అప్పుడు అది నూలుతో సమానంగా కుట్టుకు నిలుస్తుంది, అంచులు పీచులుగా ఊడవు. పట్టు, నూలు కలిసిన బొంతను మిషనులో ఉతకకూడదు. కాబట్టి ఇది రోజూ కప్పుకునేది కాదని ఇప్పుడే అనుకోండి. రోజూ కప్పుకునేది కావాలంటే కలంకారీలు మూడూ ఒక బొంతకు, పట్టు విడిగా చిన్న గోడ గుడ్డకు.

కోత మాత్రం పెద్ద ముక్కలతో మొదలుపెట్టండి. కలంకారీ పువ్వు మూడంగుళాల పట్టీలో పడితే ఆకు కొస ఒకటి, రేకు ఒకటి కనిపిస్తాయి గానీ ఏ చీరో గుర్తుపట్టలేరు. ఇంట్లో వాళ్లు చూసి ఇది ఫలానా చీర అనాలంటే కొన్నిచోట్ల కనీసం జానెడు ముక్క ఉండాలి. జరీ అంచు చివరికి ఉంచుకోండి. జరీ మీద కుడితే సూది త్వరగా మొద్దుబారుతుంది. ఆ కుట్లు అయ్యాక సూది మార్చేయండి. పెట్టె నేరుగా జరీని తాకకుండా మీద ఒక పల్చని నూలు గుడ్డ పరిచి, ఆవిరి వదలకుండా నొక్కండి.